పారబోసిన గంజి

దిగిన 403వ రోజు

వండినది: తెల్లన్నం, ఇరవై నాలుగు కిలోల బియ్యం. గోంగూర పచ్చడి.
తిన్నవాళ్ళు: అరవై ఒక్కరు, అందరూ.

పై రెండు వరసలూ నింపితే చాలన్నారు మా పాలెం పెద్ద వలీ గారు. డాక్టరమ్మ కెజియా దగ్గర ఒక యంత్రం ఉంది. అది ఆ రెండు వరసలూ చదివి ఎవరి ఒంట్లోకి ఏం పోతోందో లెక్క కడుతుందట. కట్టుకోనీ. కలం నా చేతికిచ్చాక కింద అంత ఖాళీ వదలడం నా వల్ల కాదు. చదివేవాళ్ళు చదువుతారు, చదవనివాళ్ళు మానేస్తారు.

ఈ రోజు ఈ నేల మీద పండిన మొదటి బియ్యం వండాను. నాలుగు వందల రోజులు, భూమి నుంచి మమ్మల్ని తెచ్చిన ఓడలోంచి దించిన పొట్లాలే తిన్నాం. ఒంటికి కావలసినవన్నీ అందులో ఉన్నాయనేవారు. ఉండొచ్చు, రుచి మాత్రం లేదు. గోడకేసి కొడితే అతుక్కుపోయే ముద్ద అది. చివరి పొట్లం నిన్నటితో అయిపోయింది. పీడా వదిలింది.

కంది పూత దశలోనే మాడిపోయింది. మినుము మొలకే ఎత్తలేదు. వరి, గోంగూర, మిరప, ఈ మూడే ఈ మట్టికి నచ్చాయి. నచ్చినవాటితోనే సంసారం చెయ్యాలి కదా.

మర తిప్పేది దేముడు. నా చెల్లెలి కూతురు పైడితల్లి మొగుడు, అంటే నాకు అల్లుడు. వడ్లు ఒకసారి పట్టి ఎర్రటి బియ్యం చేతిలో పోసి చూపించాడు.

"అత్తా, ఇది సాలదా? ఇంకా పడితే తవుడంతా ఊడిపోద్ది."

"ఇంకో రెండుసార్లు పట్టు. మల్లెపువ్వులా ఉండాలి."

"తవుడేటి సెయ్యమంటావు?"

"కోళ్ళకు పొయ్యి. నువ్వు మర తిప్పు నాయనా, వంట నాకు నేర్పకు."

నవ్వుతూ పట్టాడు, మూడుసార్లు.

ఇక్కడ, పాలెమంతటి మీదా కట్టిన పెద్ద కప్పు కింద కూడా, గాలి పలచన. ఎసరు ఇట్టే మరుగుతుంది, మెతుకు మాత్రం ఓ పట్టాన ఉడకదు. అందుకే ఒకటికి ఎనిమిది నీళ్ళు పోసి, గంటన్నర ఉడికించి వార్చాను. గంజి రెండు బాల్చీలు వచ్చింది. కోళ్ళ పాక చూసే సింహాద్రప్పడు మామ వచ్చాడు. అందరం అప్పడు మామ అంటాం. ఆయనకు డెబ్భై ఒకటి. బాల్చీల వైపు ఆశగా చూశాడు.

"గవరీ, ఒక గళాసుడు ఇటు పోద్దూ. ఉప్పేసుకుని తాగుతాను."

"నా వంటశాలలో మనిషన్నవాడు గంజి తాగడు. కోళ్ళకు పట్టుకెళ్ళు," అన్నాను.

కోపం కొద్దీ అన్న మాట కాదది. సముద్రం ఊళ్ళ మీదికి వచ్చిన ఏడు మేం శిబిరంలో ఉన్నాం. కార్డు ఉన్నవాళ్ళకు అన్నం, లేనివాళ్ళకు గంజి. మా అమ్మకు కార్డు లేదు. చెల్లిని ఎత్తుకుని, నన్ను చేత్తో పట్టుకుని, ఎండలో గంజి వరసలో నిలబడేది. వడ్డించేవాడు గరిటె ఎత్తి పోసేవాడు, ముఖం మీద చిందేది. ఏదో ఒకనాడు నా చేతి కింద పదిమంది తింటే వాళ్ళలో ఒక్కరి గిన్నెలోనూ గంజి పడకూడదని అప్పుడే ఒట్టు పెట్టుకున్నాను.

ఈ రోజు అరవై ఒక్క కంచాల్లో తెల్లన్నం వడ్డించాను. వలీ గారు మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు తుడుచుకున్నారు. పైడి మూడుసార్లు పెట్టించుకుంది. దానికి రెండో నెల. ఈ నేల మీద పుట్టబోయే మొదటి బిడ్డ దాని కడుపులో ఉంది. మా అమ్మ ఉంటే బావుండేది.


దిగిన 471వ రోజు

వండినది: తెల్లన్నం, ఇరవై మూడు కిలోలు. మిరపకాయ పచ్చడి.
తిన్నవాళ్ళు: యాభై ఎనిమిది మంది.

ముగ్గురికి ఆకలి లేదట. నా వంట ఎదుట ఆకలి లేదన్న మాట ఎన్నడూ వినలేదు. మొదట ఒళ్ళు మండింది, తర్వాత వాళ్ళ కాళ్ళు చూశాను. చీలమండల దగ్గర వాచాయి. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోతోంది.

దేముడు కూడా మర దగ్గర కూలబడి కనిపించాడు. "ఏటో అత్తా, కాళ్ళు నాయి కానట్టున్నాయి," అన్నాడు. మర నేనే కట్టేసి, చెయ్యి పట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. కెజియా చిన్న పిల్ల, ముప్ఫై కూడా నిండలేదు. పని ఎక్కువై దాని కళ్ళ కింద నల్లగా అయింది. పొలాల మీద లేచే నీలి దుమ్ము మీద అనుమానంగా ఉందని చెప్పింది. ముక్కులకు గుడ్డ కట్టుకోమంది.

కట్టుకుని వండాను. గోంగూర వాసన కూడా తెలియలేదు.


దిగిన 489వ రోజు

వండినది: తెల్లన్నం, పద్దెనిమిది కిలోలు. గోంగూర.
తిన్నవాళ్ళు: నలభై నలుగురు.

ఈ రోజు అందరినీ కూర్చోబెట్టి వలీ గారు మాట్లాడారు. సగంమంది కాళ్ళు కదపలేకపోతున్నారు. కొందరికి మెట్టెక్కితే గుండె దడ. యంత్రం నలభై ఒక్క జబ్బుల పేర్లు చెప్పిందట. దుమ్ము విషమే మొదటి పేరు. భూమికి కబురు పంపి జవాబు తెప్పించుకోవాలంటే పదకొండేళ్ళు.

"ఓడ 520వ రోజున మన నెత్తి మీదికొస్తుంది," అన్నారు వలీ గారు. "మళ్ళీ ఆరేళ్ళకు గానీ రాదు. అప్పటికి జబ్బు తగ్గకపోతే ఎక్కేద్దాం. నిద్రపెట్టెల్లో పడుకుని వెనక్కి పోదాం."

అందరూ తలలూపారు. నేను పైడి వైపు చూశాను, పైడి కెజియా వైపు చూసింది.

"డాక్టరమ్మా, నాను కూడా పెట్టెలో తొంగోవచ్చా?"

కెజియా వచ్చి పైడి పక్కన కూర్చుంది. "కడుపుతో ఉన్నవాళ్ళకు కుదరదు పైడీ. ఆ చలికి బిడ్డ నిలవదు."

అంటే బిడ్డను వదులుకుని ఎక్కాలి, లేదా అందరూ పోయాక ఇది ఒక్కతే ఇక్కడ ఉండాలి. దేముడు లేవలేక లేవలేక లేచి నిలబడ్డాడు. "నానూ ఉండిపోతాను," అన్నాడు. నేనూ ఉంటానన్నాను. ముగ్గురం ఉండి ఏం చేస్తామో మాకే తెలియదు.

పైడికి మాత్రం శక్తి కొద్దీ వండి పెడుతున్నాను. మంచిగా పట్టిన బియ్యమే ఏరి, రెండు గరిటెలు ఎక్కువే వడ్డిస్తున్నాను. దాని పాదాలు కూడా మొద్దుబారుతున్నాయి.


దిగిన 503వ రోజు

వండినది: తెల్లన్నం, పదకొండు కిలోలు.
తిన్నవాళ్ళు: ముప్ఫై ఒక్కరు.

దేముడు పోయాడు.

పొద్దున అన్నం తీసుకెళ్ళాను. దిండ్లకు ఆనుకుని ఆయాసపడుతున్నాడు. రెండు ముద్దలు తిన్నాడు. "బాగుందత్తా, మల్లెపువ్వే," అన్నాడు. కంచం కడుక్కుని వచ్చేసరికి గుండె ఆగిపోయింది. కెజియా గుండె మీద నొక్కుతూనే ఉంది, చాలాసేపు. వలీ గారు ఆ పిల్ల చేతులు పట్టుకుని ఆపాల్సి వచ్చింది.

ముప్ఫై నాలుగేళ్ళు. ఈ మట్టిలో మేము పెట్టిన మొదటి మనిషి. గొయ్యి తవ్వడానికి ఓపికున్నవాళ్ళు దొరకలేదు. అప్పడు మామ ఒక్కడే తవ్వాడు.


దిగిన 509వ రోజు

వండినది: తెల్లన్నం, తొమ్మిది కిలోలు.
తిన్నవాళ్ళు: ఇరవై ఆరుగురు.

ఈ రోజు జరిగింది వరసగా రాయాలి.

గంజి బాల్చీలు చెరో చేత్తో పట్టుకుని అప్పడు మామ కోళ్ళ పాకకు గట్టెక్కుతుంటే గుమ్మంలోంచి చూస్తున్నాను. పాతికేళ్ళవాళ్ళు పాకుతూ తిరుగుతుంటే ఈ డెబ్భై ఒక్క ఏళ్ళ మనిషి కూనిరాగం తీస్తూ గట్టెక్కుతున్నాడు. మొన్న ఒక్కడే గొయ్యి తవ్వాడు. ఆయన పాక కప్పు అంచున, బయటి తలుపు పక్కనే ఉంటుంది. నీలి దుమ్ము అందరికంటే ఎక్కువ పీల్చేది ఆయనే. ముక్కుకు గుడ్డ కూడా కట్టడు. మరి దుమ్ము ఈయన్నెందుకు వదిలేసింది?

నాకు పట్టలేనంత ఉక్రోషం వచ్చింది. నా అల్లుడు పోయాడు, ఈయన పాడుకుంటున్నాడు. వెనకే వెళ్ళాను.

పాకలో గడ్డి పక్కకు తీసి ఒక కుండ బయటికి లాగుతున్నాడు. నన్ను చూసి కుండ మీద కండువా కప్పాడు. కండువా లాగేశాను. పుల్లటి వాసన గుప్పుమంది. తరవాణి! రోజూ గంజి పోస్తూ, అడుగు తీయకుండా పులియబెట్టిన కుండ. మా అమ్మమ్మ వంటింట్లో ఉండేది ఇలాంటిది.

"ఎన్నాళ్ళ నుంచీ?" అన్నాను.

"నువ్వు మొదటిపాలి కోళ్ళకు పొయ్యమన్నావు సూడు, ఆ రోజు నుంచి." ముఖం చిన్నబుచ్చుకున్నాడు. "నువ్వు తిడతావని దాసుకున్నాను గవరీ. పొద్దున్నే సెంబుడు తాగుతాను, గుప్పెడు తవుడు కలుపుకుని. సిన్నప్పటి అలవాటు, ఒగ్గలేకపోనాను. కోళ్ళకి తక్కువ సెయ్యలేదులే."

కోళ్ళను చూశాను. నిగనిగలాడుతూ నా కాళ్ళకు అడ్డం పడుతున్నాయి.

ఈయన తినే అన్నం మేం తినేదే. తాగే నీళ్ళు అవే. పీల్చేది మాకంటే ఎక్కువ దుమ్ము. మాకు లేనిది ఈయనకున్నది ఒక్కటే, ఈ కుండ. కుండ చంకనెత్తుకుని పరుగెత్తాను.

కెజియా మొదట వినిపించుకోలేదు. రెండోసారి చెప్పేసరికి చేతిలో పని ఆపింది. యంత్రం ఇచ్చిన జాబితాలో వేలు కిందికి జార్చుకుంటూ పోయి ముప్ఫై ఏడో పేరు దగ్గర ఆగింది.

"బెరిబెరి," అంది. "ఒక విటమిన్ చాలక వచ్చే జబ్బు, ఇప్పుడెవరికీ రాదు. మీరు రోజూ బియ్యం వండుతున్నారని రాశారు, అందుకే యంత్రం దీన్ని కిందికి తోసేసింది. మీరు తెల్లన్నమని రాసినా, బియ్యమంటే దానికి పైపొర ఉన్న బియ్యమే తెలుసు. గవరమ్మ గారూ, బియ్యం ఎన్నిసార్లు పట్టిస్తారు?"

"మూడుసార్లు."

"వండిన నీళ్ళు?"

"వార్చేస్తాను. గంజి కోళ్ళకు."

"అది ఎక్కడా రాయలేదేం?"

"ఏం రాయాలో రెండు వరసలు ఇచ్చారు. పారబోసింది ఎవరు రాస్తారమ్మా?"

కెజియా ఈ పుస్తకం తెరిచింది. 403వ రోజు దగ్గర పై రెండు వరసలూ దాటి, కింద నా వాగుడంతా మొదటిసారి చదివింది. తవుడు, మూడుసార్లు పట్టడం, ఎనిమిది నీళ్ళు, గంజి, అన్నీ ఉన్నాయి అక్కడ. చదివి పుస్తకం ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది.

"మొదటి రోజే రాశారు. యంత్రం చదువుతోంది కదా అని నేను చదవలేదు."

ఆ పిల్ల తల నా భుజానికి ఆనించుకున్నాను. నాకు మాత్రం ఏడుపు రాలేదు. బలమంతా తవుడులో ఉందట. నేను ఊడగొట్టగా మిగిలింది నీళ్ళలో కరిగిందట. ఆ నీళ్ళు కూడా పారబోశాను. నా అల్లుడికి నా చేత్తో నేనే చావు వడ్డించాను. మల్లెపువ్వులా ఉందన్నాడు కూడా.

ఎవరూ అడగకుండానే మూడో వరస రాస్తున్నాను.

పారబోసినది: 403 నుంచి ఈ రోజు దాకా, నూట ఏడు రోజుల గంజి.


దిగిన 510వ రోజు

వండినది: ఒకసారి పట్టిన ఎర్ర బియ్యం, పది కిలోలు. గంజి. తరవాణి.
తిన్నవాళ్ళు: యాభై తొమ్మిది మంది.
పారబోసినది: ఏమీ లేదు.

అందరికంటే ముందు పైడికి చెప్పాలి. పక్క మీద కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పాను. అది ఏడవలేదు.

"మరైతే దేముడు..." అని ఆగింది.

"అవునే తల్లీ. దుమ్ము కాదు. నేనే."

పైడి గోడ వైపు తిరిగింది. "ఎలిపో పెద్దమ్మా. నీ సేతి కూడు నాకొద్దు."

వచ్చేశాను. భోజనాల చావడిలో అందరినీ కూర్చోబెట్టి మళ్ళీ మొదటి నుంచీ చెప్పాను. శిబిరం, అమ్మ, ఒట్టు, మర, గంజి, ఏదీ దాచలేదు. ఎవరైనా తిడితే బావుండుననిపించింది. ఎవరూ తిట్టలేదు. వలీ గారు వాచిన కాళ్ళతో గోడ పట్టుకుని లేచారు.

"తెల్లగా వండమని కంచాలు పట్టుకుని నిలబడ్డది మేమే కదమ్మా. ఒకనాడు కాస్త ఎర్రగా ఉంటే మొహం చిట్లించుకుంది నేనే." కాసేపు ఊపిరి తీసుకున్నారు. "ఓడకు ఇంకా పది రోజులుంది. పది రోజులూ ఇదే తాగుదాం. తర్వాత చూద్దాం."

గంజి పోశాను. కుర్రాళ్ళు గిన్నెలు పట్టుకుని ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. కోళ్ళ కుడితి కదా ఇన్నాళ్ళూ. ముందు నేను తాగాలి. గిన్నె పెదాలకు ఆనించగానే అదే వాసన. శిబిరం, ఎండ, అమ్మ చెమట. యాభై ఏళ్ళుగా నాలుక మీద పడనివ్వనిది గొంతు దిగనంది. కళ్ళు మూసుకుని మింగాను. అప్పుడొక సంగతి తట్టింది. కార్డున్నవాళ్ళ పిల్లలు ఆ శిబిరంలో కాళ్ళు వాచి పడుకునేవారు. మేం మాత్రం గంతులేసేవాళ్ళం. అమ్మ ఆ వరసలో సిగ్గుపడుతూ నిలబడి మా ప్రాణాలు నిలబెట్టింది. ఆ సంగతి తనకూ తెలియదు, నాకూ తెలియలేదు.

గిన్నె ఖాళీ చేసి బోర్లించి చూపించాను. అందరూ తాగారు.

పైడికి అప్పడు మామ పట్టుకెళ్ళాడు. "ఈ కుండ నాది, నా సేత్తో కలిపాను, తాగు గుంటా," అన్నాడట. తాగిందట. ఎవరి చేత్తో తాగితే ఏం?


దిగిన 517వ రోజు

వండినది: ఎర్రన్నం, ఇరవై కిలోలు. తరవాణి, తవుడు రొట్టె.
తిన్నవాళ్ళు: అరవై మంది.
పారబోసినది: ఏమీ లేదు.

రొట్టె బాగాలేదు. ఇసుక తిన్నట్టుంది. అయినా ఒక్క ముక్క మిగల్లేదు.

ఏడు రోజులుగా పైడి గది గుమ్మం దాకా వెళ్ళి, మామ చేతికి గిన్నె ఇచ్చి వెనక్కి వస్తున్నాను. ఈ రోజు లోపలి నుంచి పిలుపు వినిపించింది.

"పెద్దమ్మా!"

పరుగెత్తాను. పక్క అంచున కూర్చుని ఉంది, రెండు పాదాలూ నేల మీద ఆనించి. కళ్ళ నిండా నీళ్ళు.

"నేల సల్లగా తగుల్తంది పెద్దమ్మా," అంది.

కింద కూలబడి ఆ పాదాలు పట్టుకున్నాను. నా చేతులు కూడా తెలుస్తున్నాయా అని అడిగాను. తెలుస్తున్నాయంది. కాళ్ళు వెనక్కి లాక్కోలేదు. నన్ను క్షమించిందని రాయను. ఆ మాట అది అనలేదు, నేను అడగలేదు.

ఎల్లుండి మర్నాడు ఓడ నెత్తి మీదికొస్తుంది. ఎవరెవరు ఎక్కుతారో చేతులెత్తమన్నారు వలీ గారు. ఒక్క చెయ్యీ లేవలేదు.


దిగిన 652వ రోజు

వండినది: ఎర్రన్నం, ఇరవై నాలుగు కిలోలు. గోంగూర. తరవాణి.
తిన్నవాళ్ళు: అరవై మంది. పాలు తాగేది ఒకటి.

ఆడపిల్ల. మూడు కిలోల వంద గ్రాములు. ఏడుపు విని కోళ్ళన్నీ గోల పెట్టాయి. అప్పడు మామ ముసిముసిగా నవ్వుతూ, "గొంతు పెద్దమ్మమ్మదే," అన్నాడు. నన్నే. పడనీ ఆ నింద. కెజియా నాలుగుసార్లు తూచింది, తూకం యంత్రం మీద నమ్మకం లేదట. ఇప్పుడా డాక్టరు పిల్ల ఈ పుస్తకం రోజూ పైనుంచి కిందిదాకా చదువుతుంది. నా అక్షర దోషాలు కూడా దిద్దుతోంది, చూడు!

ఈసారి కొత్త పంట బియ్యం వచ్చినప్పుడు ఎవరూ చెప్పకుండానే అందరూ ముందు గంజికి గిన్నెలు పట్టారు. తర్వాతే అన్నం. మొదటి గిన్నె దేముడిని పెట్టిన చోట పెట్టి వచ్చాం. ఇక ఏటా అంతేనట. ఆచారమంటే ఇలాగే మొదలవుతుంది కాబోలు. ఎవరిదో తప్పు, ఎవరిదో ప్రాణం.

సాయంత్రం తరవాణి పట్టుకుని పైడి గుమ్మం దగ్గర నిలబడ్డాను. మామ పక్కన లేడు, కోళ్ళకు తవుడు కలుపుతున్నాడు. గిన్నె ఎవరి చేతికివ్వాలో తెలియక అక్కడే ఆగాను.

"అక్కడే నిల్సున్నావేటి, రా," అంది. పిల్లను నా ఒళ్ళో పెట్టింది. నా చేతిలో గిన్నె తీసుకుంది. ఉప్పు తక్కువైందంది. తక్కువేం కాలేదు, నాకు తెలుసు. అయినా వేశాను. గుక్క తిప్పుకోకుండా తాగి, గిన్నె నా కళ్ళ ముందు బోర్లించి చూపించింది.

"సుక్క మిగల్లేదు పెద్దమ్మా," అంది. "రాసుకో."

పారబోసినది: ఏమీ లేదు.